గట్టు పక్క తెల్ల పొడి

పంపకాలయ్యాక పెద్దకోడలికి చిన్నకోడలితో మాటల్లేవు. చేలకు మధ్యన ఉన్నది మూరెడు గట్టే గానీ, దాని మీద కొండంత అనుమానం పెరిగింది. అవతల చిన్నది దగ్గితే తనను వెక్కిరించినట్టు, దగ్గకపోతే ఏదో పన్నాగం పన్నుతున్నట్టు.

ఆ పొద్దున వేరుశనగ చేలోకి వెళ్లేసరికి గట్టు పక్క సాళ్ళలో మొక్కల మొదళ్ళన్నీ తెల్లగా ఉన్నాయి. ఎవరో పొడి చల్లారు. పూత రాలి, కాయలు కట్టే ఊడలు మట్టిలోకి దిగే సమయమది. ఈ పంట పోతే వచ్చే ఏటికి విత్తనం ఉండదు. అత్తగారి కాలం నుంచి ఇంట్లో దాచుకుంటూ వస్తున్న విత్తనం. దానికోసం ఒకరి గడప తొక్కడమంటే ఆమెకు చచ్చినంత పని.

"ఉప్పు చల్లింది! చేను చవుడు చేద్దామని" అంది భర్తతో.

ఆయన చిటికెడు నాలుక మీద వేసుకున్నాడు. "ఉప్పగా లేదే?"

"ఉప్పగా ఉంటే దొరికిపోదూ? దానికి ఆమాత్రం తెలివి లేదనుకున్నారా?"

"పోనీ, వెళ్లి అడగరాదూ?"

"దొంగను అడిగి దొంగతనం తేలుస్తారా ఎవరైనా!"

ఊడలు దిగాక మొదట్లో మట్టి కదపకూడదని అందరికీ పాఠాలు చెప్పే మనిషి, ఆ రోజు కొడవలి కొనతో పొడిని మట్టితో సహా గీకేసింది. తట్టలకెత్తి గట్టవతల చిన్నదాని సాళ్ళలో కుమ్మరించింది. ఊడలు తెగడం కళ్ళకు కనబడుతూనే ఉంది. అయినా కోపం చెయ్యి ఆగనివ్వలేదు.

ఆపైన యూరియాకు లోటు చేయలేదు. చేను పచ్చగా, ఏపుగా పెరిగింది.

పీకిన రోజు బండారం బయటపడింది. గట్టు పక్క మొక్కలకు కాయే లేదు. మిగతా చేలో గుత్తులున్నాయి గానీ, నొక్కితే టప్పున పగిలి లోపలంతా గాలి. ఎటు పీకినా లొట్టలే. పెద్దకోడలు చేలోనే కూలబడి ఏడ్చింది.

చిన్నకోడలు గంపతో గట్టు దిగి వచ్చింది.

"చూసి సంతోషించడానికొచ్చావా?"

"అది జిప్సం అక్కా, గింజ నిండడానికి. కలిసున్నప్పుడు ఏటా మీ మరిదే వేసేవారు. నువ్వు వేయలేదని చూసి, మాకు మిగిలింది మీ వైపు చల్లాను. చెబుదామని వస్తే మొహమ్మీదే తలుపేశావు." గంప కింద పెట్టింది. "నువ్వు కుమ్మరించిన సాళ్ళలో కాయలివి. మన అత్తయ్య విత్తే. విత్తనానికి ఉంచుకో."

పెద్దకోడలు ఒక కాయ ఒలిచింది. గింజలు డొల్ల నిండా ఉన్నాయి. నోటిదాకా తీసుకెళ్లి ఆగింది.

"ముందు నువ్వు తిను."

చిన్నకోడలు గింజ అందుకుని నమిలింది. ఆమె మింగేదాకా తాను రెప్పవేయకుండా చూశానని తెలిశాక, పెద్దకోడలికి తల కొట్టేసినట్టయింది.