న్యాగుథీ చేతిపని

న్యాగుథీని పూడ్చిన మర్నాడు పొద్దున్నే ఆమె కోడలు వమూయు సోఫాల మీది లేసుగుడ్డలన్నీ తీసి, దులిపి, మంచం మీద వరసగా పరిచింది. ముసలమ్మ మీద వేసిన మట్టి ఇంకా తడారలేదు. అయినా ఆ ఊళ్ళో దాన్నెవరూ తప్పనుకోరు. చావుకి వచ్చిన దగ్గరివాళ్ళు ఇళ్ళకి వెళ్ళిపోయేలోపే పోయినవాళ్ళ వస్తువులు పంచెయ్యాలి, పాత పరుపూ చిరుగుబట్టలూ పెరట్లో కాల్చెయ్యాలి. ఆలస్యం చేస్తే మనుషులకి ఒకరి మీద ఒకరికి అనుమానాలు పుట్టుకొస్తాయి.

ఆ కొండల్లో లేసుగుడ్డ కప్పని సోఫాకీ, గుడ్డ కట్టని మనిషికీ పెద్ద తేడా లేదు. సోఫా వీపుకొకటి, చేతులకి చెరొకటి, నడిమి బల్లకొకటి, రేడియోకొకటి. టీవీ కొన్నవాళ్ళయితే ముందు దానికి గుడ్డ అల్లుకుని ఆ తరవాతే కరెంటు కోసం తిరుగుతారు. ఇంటికొచ్చిన ఆడవాళ్ళు టీ చల్లారేలోపు ఆ గుడ్డల్ని వేళ్ళతో తడిమి, ఇంటావిడ ఎలాంటి మనిషో తేల్చేస్తారు. న్యాగుథీ ఇంట్లో మాత్రం తడిమి, నోరు మూసుకుని, టీ తాగి వెళ్ళేవారు. అంత సన్నటి పని చుట్టుపక్కల ఎవరికీ చేతకాదు.

గకెనియా గుమ్మం పక్కన పీట వేసుకుని ఇదంతా చూస్తూ కూర్చుంది. ఆమె న్యాగుథీ కూతురు. నలభై దాటాయి. పిల్లలు పుట్టలేదని మొగుడు ఇంకో పెళ్ళాన్ని తెచ్చుకుంటే పుట్టింటికి వచ్చేసి, తల్లి గదిలోనే ఉండిపోయింది. మంచం మీద తెల్లగా మెరిసిపోతున్న ఆ గుడ్డల్లో ఒక్కటీ ఆమెకి అక్కర్లేదు. ఆమెకి కావలసింది తల్లి మంచం పక్కన స్టూలు మీద పడి ఉన్న గోధుమరంగు గుడ్డ. అది గుండ్రమూ కాదు, చదరమూ కాదు. ఒక పక్క ముడుచుకుపోయి, ఇంకో పక్క సాగిపోయి, ఉండకూడని చోటల్లా కంతలతో ఉంటుంది. నిన్న మొన్న కొక్కెం సూది పట్టుకున్న పిల్ల కూడా దాన్ని చూస్తే నవ్వుతుంది.

దాన్ని అల్లింది తల్లి. మంచం మీద ఉన్నవన్నీ అల్లింది కూతురు. ఆ ఇంట్లో ఈ సంగతి ఇద్దరికే తెలుసు, వాళ్ళలో ఒకరు నిన్న మట్టిలో కలిసిపోయారు.

పదేళ్ళ కిందట న్యాగుథీకి షుగరు జబ్బు కళ్ళలోకి దిగింది. పక్కవాళ్ళని గొంతునిబట్టి పోల్చుకునే స్థితికి వచ్చింది. దారం కనబడటం మానేసింది. చూపు కాస్త మందగించిందనే తప్ప ఇంత దిగిందని ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు. అప్పుడొక రోజు కూతుర్ని దగ్గర కూర్చోబెట్టుకుంది.

"శనివారాలు అల్లికకి కూడే మన ఆడవాళ్ళ సంఘంలో ఉన్నవాళ్ళందరికీ సూది పట్టుకోవడం నేర్పింది నేనే. కళ్ళు పోయాయని తెలిస్తే ఏం చేస్తారో తెలుసా? నన్ను పొయ్యి దగ్గర కూలేసి టీ మరిగించమంటారు. అయ్యో పాపం అంటారు. నా శిష్యురాళ్ళ చేత పాపం అనిపించుకుని బతకలేనే నేను."

"అయితే ఏం చేద్దామంటావమ్మా?"

"నువ్వు మన గదిలో తలుపేసుకుని అల్లు. నేను బుట్టలో పెట్టుకుని తీసుకెళ్తాను."

"మరి నేనేం అల్లానని చెప్పుకోను?"

"నీకు చెప్పుకోవడమెందుకే? నువ్వూ నేనూ వేరా?"

ఆ ఒక్క మాటకి గకెనియా కరిగిపోయింది. మెత్తటివాళ్ళతో వచ్చిన చిక్కే అది. ఎవరు ఎక్కడ నొక్కితే అక్కడ సొట్టపడతారు.

ఆనాటి నుంచి ప్రతి శనివారం న్యాగుథీ సంఘంలో పెద్దకుర్చీలో కూర్చునేది. ఒళ్ళో దారపు ఉండ, చేతిలో సూది. వేళ్ళు ఊరికే ఆడించేది. "సన్నపని ఇంటి దగ్గరే చేస్తానమ్మా, ఇక్కడ మీ కబుర్లలో కుట్లు తప్పుతాయి," అనేది. తరవాత బుట్టలోంచి కొత్తగుడ్డ తీసి పరిచేది. ఆడవాళ్ళు ఆహా ఓహో అంటుంటే గకెనియా టీ కప్పులు అందిస్తూ వినేది. సంఘంలోకెల్లా పెద్దది ముంబి. ఆమెకి నోటిదురద ఎక్కువ. "ఏమే గకెనియా, తల్లి చేతిలో ఇంత పనితనం ఉంటే నీకు చిటికెడైనా అంటలేదేం?" అని ఎప్పుడూ దెప్పేది. అందరూ నవ్వేవారు. "అంటలేదు పెద్దమ్మా," అని తనూ నవ్వి, ఖాళీ కప్పులు తీసుకుని లోపలికి పోయేది. న్యాగుథీ అటు తిరిగి కూడా చూసేది కాదు. ఎలాగూ కనబడదు కదా అని గకెనియా సరిపెట్టుకునేది.

అలాగని ఆమె తల్లిని ద్వేషించలేదు. ఆ విద్య తల్లి పెట్టిన భిక్షే. గకెనియాది పుర్రచేతివాటం. బళ్ళో మేష్టారు ఆ చేతి మీద కొట్టి కొట్టి అలిసిపోయాడు. అల్లిక నేర్పడానికి తల్లి పక్కన కూర్చోబెట్టుకుంటే ఏదీ కుదరలేదు. సూది ఒక దిక్కు, దారం ఒక దిక్కు. "ఈ దరిద్రపు చేత్తో అల్లికేమిటి, మానెయ్," అన్నారు చుట్టాలు. న్యాగుథీ మాత్రం ఆ రాత్రంతా ఆలోచించిందో ఏమో, మర్నాడు పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుంది. మోకాళ్ళకి మోకాళ్ళు తగిలేలా. "నేనే నీ అద్దాన్ని. నన్ను చూసి అల్లు," అంది. సాయంత్రానికి పిల్ల మొదటి పువ్వు పూయించింది. తల్లి అల్లిన పువ్వుల్లో రేకులు ఒక పక్కకి వాలితే, ఈ పిల్ల పువ్వుల్లో రెండోపక్కకి వాలాయి. పుర్రచేత్తో చుట్టు తిప్పితే అంతే మరి, పని అటునుంచి నడుస్తుంది. తల్లి ఆ పువ్వుని వెలుతురులో పట్టుకుని చూసి, పిల్ల నుదుటి మీద ముద్దుపెట్టింది. గకెనియా తన జీవితంలో సంతోషపడ్డ రోజులు ఏరుకుంటే అది మొదటిది.

గోధుమరంగు గుడ్డ సంగతి కిందటి వానాకాలంలో జరిగింది. ఒకరోజు న్యాగుథీ ఉన్నట్టుండి, "ఆ మిగిలిన దారం ఇలా తే. నీకొకటి అల్లుతాను," అంది. తడుముకుంటూ, గొణుక్కుంటూ, విప్పుతూ, మళ్ళీ అల్లుతూ వానలు వెలిసేదాకా కూర్చుంది. సాయం చెయ్యబోతే సూదితో పొడిచింది. అయ్యాక కూతురి చేతిలో పెట్టి, "ఎలా ఉంది?" అని అడిగింది.

"చాలా బావుందమ్మా."

"అబద్ధాలకోరు. ఎవరికీ చూపించకు, నా పరువు పోతుంది. ఎవరైనా చూస్తే నువ్వే అల్లానని చెప్పు."

చూడనే చూశారు. వమూయు దాన్ని రెండువేళ్ళతో ఎత్తి పట్టుకుని, "ఇదేమిటి, కప్ప చచ్చి ఎండినట్టుంది?" అంది. "నేనే అల్లాను వదినా," అంది గకెనియా. ఆ తరవాత చావుఇంటి పనికి వచ్చిన ఆడవాళ్ళూ చూశారు, వాళ్ళకీ అదే చెప్పింది.

పూడ్చేటప్పుడు, గకెనియా అల్లిన గుడ్డల్లో అన్నిటికన్నా పెద్దది శవపేటిక మీద కప్పారు. "మా అమ్మ చేతిపని మా అమ్మతోనే వెళ్తుంది," అని అన్న మురియూకి గద్గదంగా అంటే జనం కళ్ళు తుడుచుకున్నారు. గకెనియాకి బాధ కలగలేదు. తన పని తల్లి ఒంటి మీద పడింది, చాలనుకుంది. కాస్త ఊపిరాడినట్టు కూడా అనిపించింది. ఇక అబద్ధమాడక్కర్లేదు కదా.

ఇప్పుడు మంచం చుట్టూ మురియూకి, వమూయు, ముంబి, సంఘంలో మరి కొందరు ఆడవాళ్ళు నిలబడ్డారు. పెరట్లో పరుపు కాలుతున్న పొగ మంచుతో కలిసి లోపలికి వస్తోంది.

"ఇవన్నీ మా ఇంట్లోనే ఉండాలి," అంది వమూయు. "మా పెద్దదానికి అత్తయ్య పేరే పెట్టుకున్నాం కదా. ఆవిడ పేరు ఎవరికుందో ఆవిడ చేతిపని వాళ్ళకే."

"అదే న్యాయం," అన్నారు ఆడవాళ్ళు.

పేరు పెట్టడానికి గకెనియాకి పిల్ల లేదు. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. అనకుండానే అందరూ ఆమె వైపు ఒకసారి చూసి చూపు తిప్పుకున్నారు.

వమూయుకి అంతటితో ఆపబుద్ధి కాలేదు. స్టూలు మీది గోధుమరంగు గుడ్డ తీసి గాలిలో ఊపింది. "ఇదిగో గకెనియా, నీ పెళ్ళికూతుర్ని నువ్వు తీసుకో. దీనికి మాత్రం ఎవరూ పోటీకి రారులే."

అందరూ నవ్వారు. చావుఇంట్లో రెండురోజులుగా బిగబట్టిన నవ్వేమో, గట్టిగానే నవ్వారు. గకెనియా లేచింది. చెయ్యి చాచింది. తీసుకుని గదిలోకి వెళ్ళిపోతే సరిపోయేది. కానీ ఆ నవ్వు తన మీద పడలేదనీ, తల్లి గుడ్డి వేళ్ళ మీద పడిందనీ ఆమెకి ఒక్కసారి తోచింది.

"నవ్వకండి. అది అమ్మ చేసింది. మీరు మంచం నిండా పరుచుకున్నవన్నీ నేను చేశాను."

నవ్వు ఆగిపోయింది.

"ఏమన్నావ్?" అన్నాడు మురియూకి.

ఆమె చెప్పింది. కళ్ళు పోవడం, శనివారాలు, బుట్ట, అన్నీ. చెబుతూ చెబుతూ ముంబి చెయ్యి పట్టుకుంది. "పెద్దమ్మా, నువ్వు చూడు. రేకులు ఎటు వాలాయో చూడు. మా అమ్మ పాతపని కూడా నీ ఇంట్లో ఉందిగా. ఇది పుర్రచేతి పనా కాదా, చెప్పు."

ముంబి గుడ్డ వంక చూడనేలేదు. గకెనియా చేతిని మెల్లగా విడిపించుకుంది. "దుఃఖంలో ఉంది పిల్ల. నిద్ర లేదు, తిండి లేదు. ఏదో అంటోంది, మనసులో పెట్టుకోకండి," అంది.

"దుఃఖమా, దొంగబుద్ధా?" అంది వమూయు. "అంత పనిమంతురాలైతే అల్లమనండి. ఇదిగో సూది."

గకెనియా సూది ఎడమచేత్తో అందుకుంది. ఒక పువ్వు మొదలుపెట్టింది, కళ్ళు మూసుకుని కూడా అల్లగలది అది. కానీ వారం రోజులుగా తల్లి మంచం పక్క కూర్చుని కూర్చుని ఒంట్లో శక్తి లేదు. అందరూ చూస్తున్నారన్న తొందరలో పట్టు తప్పింది. రెండు రేకులు వేసింది. ఒకటి ముడుచుకుపోయింది, ఇంకోటి సాగిపోయింది. వమూయు ఆ ముక్కని లాక్కుని గోధుమరంగు గుడ్డ పక్కన పెట్టి చూపించింది.

"చూడండి. రెండూ ఒకే చేతివి."

మురియూకి ముఖం జేవురించింది. తల్లంటే అతనికి ప్రేమ లేకపోలేదు. ఉన్న ప్రేమే ఆ క్షణంలో అతన్ని పశువుని చేసింది.

"మట్టి ఆరకముందే అమ్మని దొంగని చేస్తావా? ఈ పీలిక చేతబట్టుకుని, ఇది మా అమ్మ పని, ఇది మా అమ్మ పని అని రేపు ఊరంతా తిరుగుతావా?"

"నేనెవరికీ చెప్పనన్నా. ఇంకెప్పుడూ చెప్పను. ఆ ఒక్కటీ నాకిచ్చెయ్. నాదే అంటాను. అందరి ముందూ నాదే అంటాను."

అప్పటికే అతను గోధుమరంగు గుడ్డ లాక్కుని గుమ్మం దాటాడు. ఆమె వెనకాలే పరిగెత్తింది. పరుపు మంట ఇంకా ఎర్రగా ఉంది. అతను గుడ్డని అందులోకి విసిరేశాడు. ఎండిన దారం కదా, పడగానే అంటుకుంది. గకెనియా చెయ్యి పెట్టి లాగితే వేళ్ళు కాలాయి, అంచు పట్టు దొరికింది. కానీ అల్లిక అల్లికే. అంచున దొరికిన పోగు చేతిలోకి వస్తూ వరస వెంట వరస ఊడిపోయింది. చివరికి ఆమె చేతిలో జానెడు మాడిన దారం మిగిలింది.

అందరూ టీ తాగడానికి లోపలికి వెళ్ళాక ముంబి పెరట్లోకి వచ్చింది. అరిటాకు మడిచి తెచ్చి, కాలిన వేళ్ళకి చుట్టబోయింది.

"పిచ్చి మొద్దూ. నాదే అని ఒక్కమాట ముందే అనేస్తే నీ చేతిలో పెట్టేవాళ్ళుగా."

గకెనియా తలెత్తింది. "అయితే నీకు తెలుసా?"

"తెలియకేం. రేకులు ఎటు వాలాయో చూడలేని గుడ్డిదాన్నా? సంఘంలో అందరికీ తెలుసు. మీ అమ్మ బతికుండగానే ఆవిడ పరువు నిలబెట్టాం. పోయాక తీస్తామా?"

"మరి నా పరువు?"

ముంబి ఆమె ముఖంలోకి అయోమయంగా చూసింది. "నీకు పరువేమిటే?" అంది. తిట్టాలని కాదు. నిజంగానే అర్థంకాక అడిగింది.

పదేళ్ళు తన ముందే తన పనిని ఇంకొకరి పేరుతో పొగిడి, తన చేతి టీ తాగి, చేతకానిదానివని నవ్విన మనిషి ఇప్పుడు తన వేళ్ళకి ఆకు చుడుతోంది. ఆమెకి ఏడుపు రాలేదు. తల్లి మీద కూడా మొదటిసారి కోపం వచ్చింది. ఒక్కరికి, కనీసం ఒక్కరికి చెప్పి పోకూడదా అనుకుంది.

ముంబి ఆకు కట్టి, తన బుట్టలోంచి కొత్త తెల్లదారపు ఉండ తీసింది. గొంతు తగ్గించింది.

"చర్చిలో బల్లకి గుడ్డ అల్లి ఇస్తానని మీ అమ్మ మాటిచ్చింది. ఈస్టరుకి కావాలి. వేళ్ళు మానాక నువ్వు కానిచ్చెయ్. పోయేముందే మీ అమ్మ అల్లి దాచిందని చెబుతాం. ఆవిడ పేరు చర్చిలో నిలబడిపోతుంది. ఏమంటావు?"

గకెనియా ఆ ఉండని ముట్టుకోలేదు.

"మా అమ్మ చచ్చిపోయింది పెద్దమ్మా," అంది. "నిన్న నువ్వూ వచ్చి మట్టి వేశావుగా. ఇంక అల్లదు."