చీనీ తొక్క చేదు

మూత ఊడిన చప్పుడు చిన్నదే.

వాసన మాత్రం మిద్దెంతా పరుచుకుంది.

అరచేతిలో నలిపిన పచ్చిగడ్డి వాసన. దేవదారు చెక్కను చిత్రిక పట్టినప్పటి వాసన. వాటి అడుగున... దోరగా వేగిన ధాన్యం.

రాఘవేంద్రప్రసాద్ కళ్ళు మూసుకున్నాడు. వరద వచ్చి పోయినప్పటి నుంచీ అతని ముక్కుకు బురద తప్ప ఇంకేదీ అందలేదు. ఆ చలికాలం కర్నూలు పాత ఊళ్ళో ప్రతి ఇంటిదీ అదే వాసన. గోడల మీద మనిషెత్తున మట్టి గీత. మిద్దెల మీద ఆరేసిన పరుపులు, గోతాలు, పెళ్ళి ఫోటోలు. తుంగభద్ర, హంద్రీ ఒక్కటై ఊళ్ళోకొచ్చి, అతని నూనె అంగడిని ఊడ్చుకుపోయాయి.

చుట్టాలు ఫోన్లు చేశారు.

భూపేష్ వచ్చాడు.

పూణే నుంచి కారు నడుపుకుంటూ వచ్చాడు. బురదలో చెప్పులు చేత పట్టుకుని వచ్చాడు. గుమ్మంలోనే స్నేహితుణ్ణి కావలించుకున్నాడు — ఆ పట్టుకు ప్రసాద్ భార్య శ్రీవాసవి కళ్ళు తుడుచుకుంది. సంచిలో సీసాలు చూసి కూడా వద్దనలేదు.

"మిద్దె మీదికి పోండన్నా, అత్తమ్మ పూజలో ఉండాది" అని, రెండు స్టీలు గ్లాసులు అందించింది.

భూపేష్‌ది కోయిలకుంట్ల. సేద్యగాళ్ళ ఇల్లు. ప్రసాద్ అంగడి వాళ్ళ బిడ్డ. ఒకే కాలేజీ. తర్వాత ఒకే ఉద్యోగం — బెంగుళూరు పొలిమేరలో బీరు ఫ్యాక్టరీ. రుచి చూసి చెప్పడమే ప్రసాద్ పని. ఇంట్లో మాత్రం సోడా కంపెనీ అని చెప్పుకున్నాడు.

"ఇది బీరు కాదప్పా. నీళ్ళకు గ్యాసు పట్టింది, అంతే" అనేవాడు భూపేష్ ఆ ఫ్యాక్టరీ సరుకును.

ఆదివారాలు వాళ్ళవి. అద్దె గదిలో పెద్ద డేగిశా. చలిదేశాల్లో పండే రై అనే గింజ. కొండల మీద నుంచి తెప్పించిన హాప్స్ పూలు — బీరుకు చేదునిచ్చే పూలు. పులిసింది పారబోశారు. పేలింది తుడుచుకున్నారు. మళ్ళీ పొయ్యి ముట్టించారు.

ఒక ఆదివారం... కుదిరింది.

ఇద్దరూ అడుగు చుక్కదాకా తాగారు.

"మనమే ఒగటి పెడదాం. నువ్వు లేకుండా ఈ బీరు పొయ్యెక్కదు. మల్లన్న మీద ఒట్టు" అన్నాడు భూపేష్, చివరికి.

ఆ వేసవిలోనే ప్రసాద్ తండ్రికి పక్షవాతం వచ్చింది. ప్రసాద్ అంగడికి వచ్చేశాడు. భూపేష్ పూణే పోయాడు. ఎప్పుడు ఫోన్ చేసినా ఒకటే మాట — "పర్మిషన్లు రాలేదప్పా. ఇంగా ఆగల్ల."

ప్రసాద్ ఆగాడు.

నూనె కొలుస్తూ ఆగాడు. తండ్రిని కాటికి సాగనంపి ఆగాడు. అంగడి మునిగిన రోజున కూడా, మోకాళ్ళ లోతు బురదలో నిలబడి... ఇంకొకటి ఉంది కదా నాకు, అనుకున్నాడు.

"ఎవురిదప్పా ఇది?" అన్నాడు ఇప్పుడు, గ్లాసు అందుకుంటూ.

"పూనాలో ఒగాయన పెట్టినాడులే. తాగి చెప్పు. ఏందో తేడా కొడతాండాదంటారు జనం. నీ నాలుకైతే పట్టేస్తాది."

మొదటి గుక్క.

రై గింజ. మిరియం తగిలినట్టు నాలుక కొనను చిన్నగా గిల్లింది.

రెండో గుక్క. హాప్స్ చేదు. వేప కాదు, కాకర కాదు — పూలవాసనను వెంటబెట్టుకొచ్చే చేదు.

మూడో గుక్క దగ్గర అతని చెయ్యి ఆగిపోయింది.

చీనీ తొక్క.

ఇంకెవరైనా అయితే ఆ వాసన హాప్స్‌దే అనుకుంటారు. హాప్స్‌కూ ఆ గుణం ఉంది. కానీ కడప అవతల మేనమామ తోటలో, చీనీకాయలు — బత్తాయిలు — ఒలుస్తూ పెరిగిన వాడు ప్రసాద్. ఆ ఆదివారం ఆ తొక్క తెచ్చినవాడు, పొయ్యి మీంచి దించేముందు గుప్పెడు వేసినవాడు అతనే. అది ఎరిగిన మనుషులు లోకంలో ఇద్దరే.

ఇద్దరూ ఈ మిద్దె మీదే ఉన్నారు.

గుక్క దిగాక గొంతులో కసరు చేదు పట్టుకుంది. తేడా ఏమిటో కూడా తెలిసిపోయింది. తొక్కను ఎండలో పెట్టారు. నీడన, పల్చటి గుడ్డ కింద, మెల్లగా ఆరనివ్వాలి. ఎండ తగిలితే తొక్కలోని నూనె పోయి, కసరే మిగులుతుంది. ఆ సంగతి అతను దాచలేదు. తొక్క ఆరబెట్టి తెచ్చేది తనే కాబట్టి, చెప్పే పని పడలేదు.

తలెత్తాడు.

భూపేష్ అతని ముఖం చూడటం లేదు. గొంతు చూస్తున్నాడు. గుక్క దిగిందా, మాట వస్తుందా అని.

అంగడిలో పుట్టినవాడికి బేరపు చూపు తెలియదా?

"ఆయప్ప పేరేంది?" అన్నాడు ప్రసాద్ మెల్లగా. ఇప్పుడైనా చెప్తాడేమో... నాదే, మనదే, అంటాడేమో...

భూపేష్ పరుపుల వైపు చూశాడు.

"దేవేంద్రప్ప."

"పూనాలో దేవేంద్రప్పా?"

"మన దిక్కోడేలే."

గాలికి గోతం ఒకటి లేచి పడింది.

భూపేష్ కాళ్ళకు అంటిన ఆ బురద నిజం. గుమ్మంలో ఆ కౌగిలి నిజమే అయ్యుండాలి. అందులో వరద కోసం వచ్చింది ఎంత, ఈ గుక్క కోసం వచ్చింది ఎంత... విడదీయబోయాడు. విడివడలేదు. బీరు పోయినందుకు కాదు — అది విడివడనందుకు లోపల ఏదో కోసుకుపోయింది.

"తేడా ఏం లేదప్పా. శానా బాగుండాది. ఇట్లనే చేయమను" అన్నాడు.

ఆ నాలుక రుచి విషయంలో అబద్ధమాడటం అదే మొదలు.

"నిజంగానా?"

"నిజం."

భూపేష్ గ్లాసు కింద పెట్టాడు. నమ్మాడో, నమ్మలేదో... భోజనానికి ఉండమన్నా ఉండలేదు. కారు సందు మలుపు తిరిగేదాకా శ్రీవాసవి గుమ్మంలోనే నిలబడి, తర్వాత మిద్దెక్కింది.

"ఎంత మంచోడండీ, ఇంత బురదలో పడి వచ్చినాడు" అంది.



ఆమె గ్లాసులో చిటికెనవేలు ముంచి, నాలుకకు రాసుకుంది. ముఖం ముడుచుకుపోయింది.

"అబ్బ, ఏం చేదండీ! శానా బాగుండాదని అన్నతో చెప్తాంటే కిందికి ఇనపడిందే?"

అతను ఆమె చేతిలోంచి గ్లాసు తీసుకున్నాడు. మిగిలింది పారబోస్తాడనుకుంది ఆమె.

తాగాడు. మెల్లగా... కళ్ళు మూసుకుని... అడుగుదాకా.