మాత్ర చెయ్యని పని

లేత్ మేస్త్రికి షుగరు వచ్చిన ఆరో ఏట, పడకగదిలో ఒళ్ళు మాట వినడం మానేసింది. ఇనుపకడ్డీని వెంట్రుకవాసి తేడా రాకుండా చెక్కే మనిషికి తల కొట్టేసినట్టయింది. వర్క్‌షాపులో వెల్డర్ గుట్టుగా ఒక మాత్ర చేతిలో పెట్టాడు.

ఆదివారం మధ్యాహ్నం సుష్టుగా తిని, మాత్ర మింగి, భార్యకు వీపు పెట్టి పడుకున్నాడు. గంట గడిచింది. ఏమీ కాలేదు. ఇక తన పని అయిపోయిందనుకున్నాడు. ఆ సాయంత్రమే పరుపు చుట్టుకుని ముందుగదిలోకి మారాడు.

"గురక పెడుతున్నాగా, నీకెందుకు ఇబ్బంది" అన్నాడు.

లెక్కల టీచరైన ఆమె నవ్వేసింది. నెల తిరిగాక జుట్టుకు రంగు వేసుకుంది. ఏడాదికి అడిగేసింది.

"నామీద మొహం మొత్తిందా? ఇంకెవరైనా ఉన్నారా?"

"పిచ్చి మాటలు మాట్లాడకు" అని అతను టీవీ గొంతు పెంచాడు.

మరో ఏడాది చూసి, ఆమె వేరే ఊరి బడికి బదిలీ పెట్టుకుని అక్కగారింట్లో చేరింది.

ఆ తర్వాతే, షుగరు పరీక్షకు వెళ్ళినప్పుడు డాక్టరు సూటిగా అడిగితే, మేస్త్రి నేల చూస్తూ అంతా చెప్పాడు.

"ఆ మాత్ర కోరిక పుట్టించదయ్యా" అన్నాడు డాక్టరు. "మనసు కదిలి, దగ్గరితనం ఉంటే అక్కడి రక్తనాళాలు వదులై రక్తం చేరుతుంది. ఆ వదులుదనం తొందరగా పోకుండా మాత్ర కాపాడుతుంది, అంతే. గోడ చూస్తూ పడుకుంటే అదేం చేస్తుంది? పైగా నిండు కడుపు మీద అది పనిచెయ్యడం ఆలస్యమవుతుంది. ఒక్కసారికే వదిలేశావా? గుండెనొప్పి మాత్రలు వాడేవాళ్ళకైతే ఇది ప్రాణాంతకం, అడక్కుండా మింగేస్తారా? ఇంతకీ ఇంట్లో ఆవిడకి చెప్పావా?"

"పరువు పోదూ!"

"ముందు వెళ్ళి ఆవిడకి చెప్పు" అని డాక్టరు మందుల చీటీ చేతిలో పెట్టాడు.

మర్నాడే వదినగారింటికి వెళ్ళాడు. భార్య వరండాలో పరీక్ష పేపర్లు దిద్దుతోంది. ఎదురుగా కూర్చుని, దాచిందంతా ఒక్క గుక్కలో కక్కేశాడు. ఆమె పెన్నుకు మూత పెట్టింది.

"ఇదా? ఈ మాత్రానికా? రోజూ అద్దంలో చూసుకుని నాలో ఏం పాడైందా అని ఏడ్చానండీ. ఒక్క మాట చెప్తే పక్కన కూర్చునేదాన్నిగా."

"తప్పయిపోయింది. వచ్చెయ్యవూ?"

"మీరు చెప్పింది నమ్ముతున్నా. కానీ నాకిక ఓపిక లేదు."

కాఫీ ఇచ్చింది. బస్టాపు దాకా తోడొచ్చింది. బస్సు కదులుతుంటే, "షుగరు మందు మానకండి" అంది. కిటికీ పక్కన కూర్చున్న మేస్త్రి తల ఊపాడు. ఊరు దాటేదాకా బిగబట్టుకుని, ఆ తర్వాత ముందు సీటు కడ్డీకి నుదురు ఆనించి వెక్కివెక్కి ఏడ్చాడు.