పద్నాలుగు పాయింట్ సున్నా

పద్నాలుగు పాయింట్ సున్నా, మళ్ళీ అదే, సరే గిన్నెలో వడ్లున్నాయి కాబట్టి చూపిస్తోందనుకుందాం, మరి వడ్లు తీసేసినా అదే అంకె ఎందుకు, బస్సు కుదుపుకు వైరేమైనా ఊడిందా, ఊడితే అసలేమీ చూపించకూడదు కదా, మనోజ్ఞ ఒళ్ళోని అట్టడబ్బా మూత సగం తెరిచి, పక్క సీటావిడ చూడకుండా చున్నీ అడ్డం పెట్టుకుని, ఖాళీ గిన్నెలో తన చూపుడువేలు పెట్టింది, చెమట పట్టిన వేలు, పద్నాలుగు పాయింట్ సున్నా, తేమ పదిహేడు లోపుంటే సర్కారు సెంటర్లో వడ్లు కొంటారు, అంటే తన వేలు కూడా కొనేంత ఎండిందన్నమాట, పదకొండు గంటలకు కామారెడ్డిలో కాలేజీ ఫైనల్ రివ్యూ, బయటి నుంచి ఎగ్జామినర్ వస్తాడు, వడ్లలో తేమ చెప్పే మిషన్ ఏదీ అంటాడు, ముగ్గురి బీటెక్ ఈ డబ్బాలో ఉంది, పొద్దున ఎల్లారెడ్డి బస్టాండులో దీన్ని తెచ్చి చేతికిచ్చింది, మిషన్ చేసిన జోయల్ వాళ్ళమ్మ సుధారాణి, ఇగో బిడ్డా, వానికి జరమొచ్చింది, నిన్ను పట్కపొమ్మన్నడు అంది, అంటున్నంతసేపూ ఆమె నేలనే చూసింది, అప్పుడే అడగాల్సింది, అడగలేదు, బస్సు కదులుతోందని పరిగెత్తింది.

జోయల్ ఫోను మూడు రోజులుగా బంద్, ఇప్పుడూ బంద్, అసలు వాడు అబద్ధం ఎప్పుడు చెప్పాడు, వెనక్కి పోయి ఎంత వెతికినా ఒక్కటీ దొరకదు, అడిగిన ప్రతిసారీ అయితది అన్నాడు, అంతే, అయితది అనేది అబద్ధమా, తమ దిక్కు ఆ మాటకు తారీఖు ఉండదు, మొహం మీద కాదని చెప్పడం బాగుండదు కాబట్టి అయితది, తనతో కాదని ఒప్పుకోలేక అయితది, ఇక అడగకు తల్లీ అని కూడా అయితది, పుట్టినప్పటి నుంచి వింటున్న ఆ మాటకు తీసుకుపోయి తారీఖు వేసింది మనోజ్ఞే, మూడో ఏడాదిలో ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ అనే సబ్జెక్టు చదివింది, క్లాసులో ఫస్టు వచ్చింది, ఇక ఆగుతుందా, పన్నెండు వారాల పనిని ముక్కలు చేసి, ముక్కకో గీత గీసి, గీతకో మనిషిని కట్టేసింది, జోయల్‌కు మిషన్, నరేందర్‌కు రిపోర్టు, తనకు అందరినీ నడిపించడం, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, తేమ కొలిచే సెన్సారు కొనకముందే ఆఖరి వారం ఏ అంకె చూపించాలో కూడా రాసిపెట్టింది, గైడు మహేందర్ సార్ ఆ చార్టును క్లాసు గోడకు అంటించి, పని జేసుడంటే గిది, చూసి నేర్చుకోండ్రి అన్నాడు, ఆ మాట వారం రోజులు చెవిలో మోగింది, అన్నం తింటున్నా మోగింది, ఎంత సిగ్గుగా ఉందో ఇప్పుడు తలుచుకుంటే.

లింగంపేటలో బస్సు ఆగింది, బీడీల చాటలు, సంచులు పట్టుకుని ఆడవాళ్ళు ఎక్కారు, జర జరుగు బిడ్డా, డబ్బా కింద పెట్టరాదు అంది ఒకామె, కింద పెట్టొద్దవ్వా, పరీక్షది అంది మనోజ్ఞ, పరీక్షా అని ఆమె పక్కకు జరిగింది, పరీక్ష అంటే పల్లెలో అంత భయం, అందరూ ఫోనులో నింపాల్సిన పట్టిక ఒకటి చేసింది తను, ప్రతి పనికి ఎదురుగా ఒక గడి, నొక్కితే రెండే మాటలు, అయింది ఒకటి, అయితది ఒకటి, అయితది అంటే పసుపు, అయింది అంటే ఆకుపచ్చ, నరేందర్ అడిగాడు, కాలేదు అని గూడ ఒకటి పెడితే ఏం బోతది అని, మన టీముల ఆ మాట ఉండద్దు అంది తను, ఎంత గొప్పగా అందో, ఏడో వారంలో జోయల్ కాలేజీ గేటు దగ్గర ఆపాడు, మనోజ్ఞా, ఒక ముచ్చట చెప్పాలె, ఆ సెన్సారున్నది సూడు, అని ఏదో అనబోయాడు, రేపు పొద్దుగాల మీటింగుల చెప్పు జోయల్, దేనికైనా ఒక పద్ధతుంటది అంది తను, బస్సుకు టైమవుతోంది మరి, తెల్లారి ఫోనులో పది నిమిషాల మీటింగు, మనిషికి మూడు ప్రశ్నలు, నిన్న ఏం జేసినవ్, ఇయ్యాల ఏం జేస్తవ్, అడ్డమేమన్న ఉన్నదా, మూడో దానికి జోయల్ ఏం లేదు, అయితది అన్నాడు, తను థాంక్యూ చెప్పి పెట్టేసింది, సెన్సారు కాలిపోయి ఉంటుంది అప్పటికే, లేదా అసలు పని చేయనే లేదేమో, అడిగినోళ్ళెవరు, పదకొండో వారం మిషన్ గడి ఆకుపచ్చ కావాలి, అయింది, ఏం పెట్టినా పద్నాలుగు పాయింట్ సున్నా చూపించేలా కోడు రాసేశాడు, తను చార్టులో కోరిన అంకే కదా, దేవుడికి భయపడే పిల్లవాడు, వాడితో ఈ పని ఎవరు చేయించారు.

అక్కడితో పోతే బాగుండేది, పోలేదు, చార్టులో ఫీల్డ్ ట్రయల్ అని ఇంకో గీత ఉందిగా, దానికి పెద్దబాపు గంగారాం వడ్లు దొరికాయి, నాన్నకు అన్న, నాలుగెకరాల యాసంగి పంట, కల్లంలో ఆరబోసి ఉంది, తనే మిషన్ పట్టుకుని పోయింది, మూడు చోట్ల పెడితే మూడు చోట్లా పద్నాలుగు పాయింట్ సున్నా, ఇంకేంది పెద్దబాపూ, సంచులల్ల నింపుకో అంది, ఆయన వాడకట్టంతా చెప్పుకున్నాడు, మా బిడ్డ జేసిన మిషిని, సదువంటే గట్లుండాలె అని, ట్రాక్టరు కట్టుకుని పోతే సెంటర్లో ఇరవై రెండు చూపించింది, వాపసు పంపారు, తెచ్చి మళ్ళీ పోసేలోపు శుక్రవారం సాయంత్రం గాలివాన, సంచులు సంచులుగా నానిపోయి మొలకలొచ్చాయి, తెల్లగా, పొడుగ్గా, ఆ మొలకలను దోసిట్లో పట్టుకుని కూడా పెద్దబాపు ఏమన్నాడు, నీ మిషిని తప్పు గాదు బిడ్డా, వాళ్ళ మిషినే తప్పు అన్నాడు, ఆ మాట కన్నా చెంపదెబ్బ నయం, ఆ మనిషి మొహం ఇంక ఎట్లా చూడటం.

ఇదంతా రివ్యూలో చెప్పక్కర్లేదు, అదీ అసలు దరిద్రం, సంచిలో ఎండిన వడ్లు తెచ్చుకుంది తను, ఎగ్జామినర్ పిడికెడు తీసి గిన్నెలో పోస్తాడు, పద్నాలుగు పాయింట్ సున్నా, వెరీగుడ్ అంటాడు, సంతకం పెడతాడు, ముగ్గురూ గట్టెక్కుతారు, వేలు పెట్టి చూసే ఎగ్జామినర్ ఎక్కడుంటాడు, ఒకవేళ పట్టుకున్నా కోడు రాసింది జోయల్ కదా, పట్టికలో పేరుంది, తారీఖుంది, వాడే నొక్కిన ఆకుపచ్చ ఉంది, తన మీదికి మరకైనా రాదు, ఎంత పకడ్బందీగా కట్టింది గూడు, తప్పు ఎవరిదో తేల్చే దారి మొదటి వారంలోనే వేసుకుంది, ఛీ, నాకు తెల్వది సార్, జోయల్ చూసుకున్నడు, ఆ వాక్యం నాలుక మీద తయారుగా ఉంది, నాకు తెల్వది సార్, నాకు తెల్వది, లోపల్లోపలే చెప్పుకుని చూసింది, నాలుగోసారి సగంలోనే ఆపేసింది, ఎందుకంటే తెల్వకపోవడం అనేది నిజం కాదు.

బస్సు కామారెడ్డిలోకి వచ్చి నిజాంసాగర్ చౌరస్తా దగ్గర సిగ్నలుకు నిలబడింది, ఎండ నేరుగా మొహం మీద, ఆ రోజు కల్లంలోనూ ఇదే ఎండ, మిషన్ చుట్టూ అందరూ మూగితే పెద్దమ్మ భూదేవి మాత్రం దూరంగా కూర్చుని ఒక గింజ నోట్లో వేసుకుని కొరికింది, ఎండితే పంటి కింద కటుక్కుమనాలి, అనలేదు, ఇంక పచ్చిగనే ఉన్నయి గదనే అంది, పండ్లతోని సూసే కాలం పోయింది పెద్దమ్మా అని తను నవ్వితే అందరూ నవ్వారు, పెద్దమ్మా నవ్వింది, ఆ తర్వాత అందరూ సంచుల కోసం ఇంట్లోకి పోయారు, కల్లంలో తనొక్కతే మిగిలింది, రైతింటి పిల్ల, పాలపళ్ళతో నేర్చిన విద్య, వంగి ఒక గింజ తీసి తనూ కొరికింది, అది మెత్తగా నలిగింది, ఇంకోటి తీసి కొరికింది, అదీ నలిగింది, ఆ పచ్చి రుచి నోట్లో ఉండగానే ఫోను తీసి ఫీల్డ్ ట్రయల్ గడిలో అయింది అని నొక్కింది.