బ్యాటరీకి మర్యాదలు

చలికాలం వచ్చిందంటే మంచుకొండల నడుమనున్న నారిన్ ఊళ్లో అందరూ తలుపుల సందుల్లో పాతగుడ్డలు కుక్కుకుంటారు. ఎసెన్‌గుల్ మాత్రం ముందు తన ఓల్గా కారు బ్యాటరీ ఊడదీసి, రెండు చేతులా ఎత్తుకుని ఇంట్లోకి తెస్తాడు. పొయ్యి పక్కన వెచ్చటి మూలలో బొంత మడతేసి, దాని మీద కూర్చోబెడతాడు. మంచు కరిగేదాకా దాని కాపురం అక్కడే. ఇంటికొచ్చిన చుట్టాలు ముందు నిన్ను పలకరించాలా, దాన్ని పలకరించాలా అని భార్య బూరుల్ దెప్పని ఏడాది లేదు.

ఆ తెల్ల ఓల్గా పండక్కో పెళ్లికో తప్ప బయటికి రాదు. కానీ అది అల్లాటప్పా కారు కాదు. ఎసెన్‌గుల్ పిల్లలందరూ పుట్టాక ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చింది అందులోనే. ఇప్పుడు చిన్నకొడుకు ఎర్నిస్ భార్యకు నెలలు నిండుతున్నాయి. తొలి మనవడో మనవరాలో కూడా ఆ కారులోనే గడప దగ్గర దిగాలని ముసలాయన పట్టుదల. "ఎందుకన్నా తంటాలు, నా జపాను కారుందిగా" అని పక్కింటి దోరోన్ అన్నప్పుడు ఆయనకు ఒళ్లు మండింది.

చిక్కల్లా ఆ మూలతో వచ్చింది.

"అది ఖాళీ చెయ్యి. ఊయల అక్కడ పెట్టాలి," అంది బూరుల్ టీలో పాలు పోస్తూ.

"మరి బ్యాటరీ?"

"నీ పక్కలో పడుకోబెట్టుకో. నేను కోడలి గదిలో పడుకుంటా."

షెడ్డులో ఊరికే వదిలేస్తే బ్యాటరీ దానంతటదే దిగిపోతుంది. దిగిపోయింది కాస్తా ఆ చలికి గడ్డకట్టిందంటే ఇక చెత్తకుప్పకే. ఊయల జరగదు, బూరుల్ అసలే జరగదు. అందుకని ఆదివారం మొగుడూ పెళ్లాలిద్దరూ చార్జర్ కోసం బజారుకెళ్లారు.

కారు సామాన్లమ్మే నూర్జత్ రెండు రకాలు బల్ల మీద పెట్టింది. ఒకటి ముల్లు ఊగే పాతకాలపు ఇనపపెట్టె. రెండోది సబ్బుబిళ్లకు అన్నలా ఉంది. ఎసెన్‌గుల్ ఇనపపెట్టెను ఎత్తాడు, చరిచాడు, అడుగున వేళ్లతో తడిమాడు.

"తాతా, అది గొర్రె కాదు, తోక దగ్గర కొవ్వెంతుందో తడిమి చూడ్డానికి," అంది నూర్జత్.

"ఎత్తితే తెలియడంలా? లోపల సరుకుంది. ఆ చిన్నదాని మొహం చూడు, అదే తిండి లేక అల్లాడుతున్నట్టుంది. ఇంకొకరికేం పెడుతుంది?"

"పెద్దదానికి కాపలా ఉండాలి తాతా. నిండినా ఆపదు, పోస్తూనే ఉంటుంది. బ్యాటరీ లోపల నీళ్లు మరిగిపోతాయి. నెలల తరబడి కదలని బండికి ఈ చిన్నదే సరి. నిండితే తనే ఆపేస్తుంది, కాస్త తగ్గితే తనే మళ్లీ మొదలెడుతుంది. పసుపు లైటంటే తింటోందని, పచ్చదంటే కడుపు నిండిందని. తగిలించి మర్చిపోండి."

"ఈ చలికి ఓర్చుకుంటుందా?"

"ఓర్చుకుంటుంది. నిండుగా ఉన్న బ్యాటరీ గడ్డకట్టదు. గడ్డకట్టిన బ్యాటరీకి మాత్రం ఏ చార్జరూ పెట్టకూడదు. తగిలించేటప్పుడు మీది వెచ్చగా ఉంటే చాలు."

"దానికున్న వెచ్చదనం నాక్కూడా లేదమ్మా," అంది బూరుల్. "చిన్నదే ఇవ్వు. పెద్దది కొంటే ఈయన షెడ్డులోనే కాపురం పెడతాడు."

మర్చిపొమ్మన్న మాట ఎసెన్‌గుల్‌కు దారంతా గుచ్చుకుంటూనే ఉంది. ఇంటికి రాగానే బ్యాటరీని కారులో బిగించి, ఎర్ర క్లిప్పు ఎర్రదానికీ నల్లది నల్లదానికీ తగిలించి, బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాడు. పసుపు లైటు వెలిగింది. బూరుల్ వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కెళితే గానీ భోజనానికి లేవలేదు.

మర్నాడు వెళ్లేసరికి పచ్చ లైటు.

"నిండిందట!" అని నవ్వుకున్నాడు ఎసెన్‌గుల్. ఆయన ఇంట్లో ఏ అతిథీ మొదటి 'చాలు'తో బయటపడిన దాఖలా లేదు. ఆ ఊళ్లో చుట్టం చాలన్నాడంటే మొహమాటపడుతున్నాడని అర్థం. బతిమాలాలి, ఒట్టు పెట్టాలి, అలగాలి, అప్పుడు ఇంకో మాంసం ముక్క లోపలికి వెళుతుంది. అందుకని ఆయన క్లిప్పులు తీసి మళ్లీ తగిలించాడు. పసుపు లైటొచ్చింది.

"చూశావా, ఆకలేస్తూనే ఉంది! సిగ్గుపడకు, తిను."

కాసేపటికి పచ్చది వెలిగింది. మళ్లీ తీశాడు, మళ్లీ పెట్టాడు. "నా మీద ఒట్టే, ఇంకొక్క ముద్ద!" అలా పొద్దు వాలేదాకా బ్యాటరీకి మర్యాదలు జరిగాయి.

"ఆ చార్జర్ ఉత్త పిసినారిది," అన్నాడు ఇంటికొచ్చి. "అతిథిని అర్ధాకలితో లేపేస్తోంది. దోరోన్ దగ్గర ఇనపపెట్టె ఉంది. రేపు తెచ్చి కడుపారా పెడతాను."

బూరుల్ ఏమీ అనలేదు. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి ఏమీ అనకపోతే అనుమానించాలి. ఎసెన్‌గుల్ అనుమానించలేదు. పొద్దున చూస్తే మేకుకు ఉండాల్సిన షెడ్డు తాళంచెవి లేదు.

పిండి డబ్బాలో వెతికాడు, బూట్లలో వెతికాడు, కుక్క గూట్లో తల దూర్చి దానిచేత తిట్టించుకున్నాడు. తాళం పగలగొడదామంటే, దొంగల భయంతో ఆ ఇనప తలుపు చేయించుకుంది ఆయనే. మూలనున్న ఖాళీ ఊయల జోలికి మాత్రం పోలేదు. ఖాళీ ఊయల ఊగితే పిల్లకు కీడని ఆయన తల్లి చెప్పేది. పొరపాటున తగులుతుందేమోనని అటు వెళ్లినప్పుడల్లా మోచేతులు దగ్గరకు ముడుచుకుని నడిచేవాడు.

ఆడపిల్ల పుట్టిందని ఎర్నిస్ ఫోన్ చేసి, శుభవార్తకు బహుమతి ఏదీ అని అరిస్తే, "నా చేతి గడియారం నీదేరా!" అని తనూ అరిచాడు. కానీ పిల్లను ఇంటికి పంపే రోజు వచ్చేసరికి ఆ సంబరమంతా నీరుగారిపోయింది. గేటు దగ్గర దోరోన్ కారు గుర్రుమంటోంది. ఎసెన్‌గుల్ టోపీ చేత్తో పట్టుకుని మంచం మీద కూలబడ్డాడు.

"ఇన్నాళ్లూ ఆ బ్యాటరీ మొహం చూసిన నాథుడు లేడు. ఈపాటికి చచ్చే ఉంటుంది. నా మనవరాలు ఎవరి కారులోనో వస్తుంది. ఏడుపొస్తోందే నాకు."

బూరుల్ ఊయల దగ్గరికి వెళ్లి, అది కదలకుండా ఒక చేత్తో పట్టుకుని, పరుపు కిందనుంచి తాళంచెవి తీసింది.

"ఖాళీ ఊయలలోనా! నీకు భయం వెయ్యలేదూ?"

"ఊపలేదుగా. పడుకోబెట్టానంతే. దోరోన్ ఇనపపెట్టె అంటేనే నాకు భయం."

షెడ్డు చీకట్లో పచ్చ లైటు తన మానాన తను వెలుగుతోంది. ఎసెన్‌గుల్ కారెక్కి, దేవుణ్ణి తలుచుకుని దాని తాళంచెవి తిప్పాడు. ఓల్గా ఒక్క దగ్గు దగ్గి లేచింది. ఆయన ఇంకేమీ చూడకుండా బయటికి దూకించాడు. వెనక దోరోన్ దారంతా హారన్ కొడుతుంటే అభినందనలనుకుని తనూ కొట్టాడు. ఆసుపత్రి ముందు దిగాక తెలిసింది, చార్జర్ వైరు బానెట్ కిందనుంచి మంచులో ఈడ్చుకుంటూ వచ్చిందని.

"గుర్రానికి పలుపు విప్పలేదేంటన్నా?" అన్నాడు దోరోన్.

ఎసెన్‌గుల్‌కు వినబడితేగా. పిల్లను చూస్తున్నాడు. తిరిగొచ్చేటప్పుడు ఆయన ఆ కారు నడిపినంత నెమ్మదిగా ఆ ఊళ్లో ఎవరూ ఏదీ నడిపి ఉండరు.

ఊయలలో వేసే రోజున ముసలమ్మలంతా చేరారు. పిల్ల తల్లి దగ్గర పాలు తాగి తాగి, మొహం పక్కకు తిప్పేసింది.

"ఇంకొంచెం పట్టమ్మా," అంది ఒకామె. "మొదటిసారి అలాగే తిప్పుకుంటారు, ఊరుకోకు," అంది ఇంకొకామె. "ఇంకొక్క గుక్క, నా బంగారు కదూ," అంది బూరుల్.

"వదలండే పిల్లని!" అన్నాడు ఎసెన్‌గుల్ గుమ్మంలోంచి. "పచ్చ లైటు వెలిగింది, కనబడ్డంలా?"

పిల్లను ఊయలలో పడుకోబెట్టారు. పొయ్యి పక్కన, వెచ్చటి మూలలో. ఎసెన్‌గుల్ వచ్చి ఊయల మీద చెయ్యి వేసి, భయం లేకుండా ఊపాడు.