వదినగారి దంతాలు

పొద్దున లేవగానే కాఫీ లేకపోయినా సుబ్బమ్మకు జరుగుతుంది గానీ, నమీబియాలో నీళ్ళకు ఎవరెవరు వచ్చారో చూడకపోతే కాలూ చెయ్యీ ఆడదు. సెలవులకొచ్చిన మనవరాలు యశస్విని సెల్‌ఫోన్‌లో ఏదో నొక్కుతూ ఆ ఛానల్ తెరిచిపెట్టి పోయింది. ఆఫ్రికా ఎడారిలో ఒక నీటిగుంట, దాని ముందు రేయింబవళ్ళు తిరిగే కెమెరా. అంతే. పాట లేదు, మాట లేదు, పాయసంలో విషం కలిపే అత్తగారు అసలే లేదు. అయినా కడంబత్తూరు పక్కన ఆ పల్లెలో సుబ్బమ్మ ఇంట కూరలు మాడడం మొదలైంది దానివల్లే.

అక్కడికొచ్చే ఏనుగులన్నింటితో ఆమె వరసలు కలిపేసింది. చేటలంత చెవులు, ముడతలు పడ్డ మోకాళ్ళు, పెళ్ళికొచ్చిన పెద్ద ముత్తైదువ దర్జా. మందకు పెద్ద ఆడ ఏనుగే. అది రాగానే మిగతావన్నీ మారుమాట లేకుండా పక్కకు జరుగుతాయి కాబట్టి దానికి వదిన అని పేరు పెట్టింది. కరువొస్తే ఆ జాతి ఏనుగులు ఎండిన ఏట్లో కాలితో ఇసుక తోడి చెలమ తీస్తాయని, అవి తాగి పోయాక జింకలూ నక్కలూ పిట్టలూ ఆ నీళ్ళే తాగి బతుకుతాయని ఇంకో వీడియోలో చూసింది. మన కొసస్తలై ఏట్లో ఇసుక తోడిన లారీలవాళ్ళు ఏ పిట్టకు నీళ్ళు పోశారో చెప్పమని ఆ రోజంతా ఇంట్లో వాళ్ళను నిలదీసింది. ఏనుగులు తిరిగే దారుల్లో కంచెలు వేస్తున్నారని విన్నప్పుడు నిజంగానే ఏడ్చింది.

ఆమె మొగుడు ద్వారకనాథ్ దిగులు వేరు. ఊరి సుబ్రహ్మణ్యస్వామి ఆడికృత్తిక పండక్కి కొయ్య ఏనుగు వాహనమెక్కి ఊరేగుతాడు. ఆ ఏడు ఉత్సవానికి పెద్ద ద్వారకనాథే. కిందటేడు మలుపు తిప్పుతూ మోతగాళ్ళు వాహనాన్ని గోడకు గుద్దారు, ఒక దంతం విరిగింది. దాని చోట ప్లంబరు పీవీసీ పైపు బిగించి తెల్ల రంగు పూశాడు. స్వామి కంటే పైపును చూసి దండం పెట్టినవాళ్ళే ఎక్కువ. పైగా ఆ పెద్దరికానికి పోటీపడే ఆదికేశవులు వెండి గొడుగు చేయించి ఊరంతా మెప్పు కొట్టేశాడు. అందుకని ద్వారకనాథ్ నిజం దంతాలే పెట్టిస్తానని పంతం పట్టాడు.

ఉత్సవానికి కాప్పు కట్టే ముందురోజు తిరువళ్ళూరు నుంచి పాత సామాన్ల వ్యాపారి రాజమాణిక్యం బైకు మీద వచ్చి, పంచెలో చుట్టిన జత దంతాలు వసారాలో పరిచాడు.

"మన ఏనుగుదైతే కేసన్నా. ఇది ఆఫ్రికాది, ఫారిన్ సరుకు. ఎవురూ అడగరు" అన్నాడు.

సుబ్బమ్మ గడప దగ్గరే ఆగిపోయింది. "సంపి తెచ్చినారా?"

"లేదక్కా. పాలపండ్ల మాదిరి అవే రాలిపోతాయి. అడివిలో ఏరుకొచ్చేదే. ఇవి ఆడదానివి. మన ఆడ ఏనుగులకు దంతాలు ఇంత పొడుగు రావు, ఆ దేశంలో వాటికీ వస్తాయి. సన్నంగా ఉంటాయి, మీ వాహనానికి అచ్చంగా సరిపోతాయి."

ద్వారకనాథ్ అప్పుడే గుడ్డముక్కతో వాటిని తుడుస్తున్నాడు. రాలిపోతాయన్న మాట సుబ్బమ్మ నమ్మలేదు. ఫారెస్టువాళ్ళకు చెబితే మొగుడు జైలుకు పోతాడు. ఊరుకుంటే, ఏ గున్న తల్లినో చంపి తీసిన పళ్ళు మేళతాళాలతో ఊరేగుతాయి. ఆమె లోపలికెళ్ళి పొయ్యి ఆర్పింది. కొప్పు విప్పింది. వచ్చి వాకిలి నడిమధ్యలో చతికిలబడి, శోకాలు పెడుతూ ఒప్పారి ఎత్తుకుంది.

"నీళ్ళకు పోయిన నా వదినా, మూటలో పండ్లై వచ్చినావా! నీ బిడ్డలకు ఇంక చెలమ తీసేదెవురే, దోవ జూపేదెవురే!"

చావింటి ఏడుపు వింటే ఆ వీధిలో ఎవరూ ఇంట్లో కూర్చోరు. చేతిలో పిండితో కన్నమ్మ, నోట్లో బ్రష్షుతో ఎలుమలై, నిమిషంలో వాకిలి నిండింది. అంత జనాన్ని చూసి రాజమాణిక్యం దంతాలొదిలి, హెల్మెట్ కూడా మరిచి, బైకెక్కి మాయమయ్యాడు.

మర్నాటి కాప్పు సంగతి మాట్లాడదామని గుడి పూజారి గురుక్కల్ అప్పుడే వచ్చాడు. ఉత్సవం పెద్ద చేతికి పసుపుతాడు కట్టడమే కాప్పు. తీట్టు, అంటే చావు మైల, ఉన్నవాడికి కట్టకూడదు.

"ఎవరమ్మా పోయింది?"

"మా వదిన, సామీ."

"నాకు అక్కే లేదు సామీ. ఏనుగును పట్టుకొని ఏడస్తాంది" అన్నాడు ద్వారకనాథ్ పళ్ళు కొరుకుతూ.

"సామిని మోస్తే దండం పెడతారు. సచ్చినాక అది సామానా? ఎముక ఇంట్లో ఉంటే శవం ఉన్నట్టా కాదా, మీరే చెప్పండి" అంది సుబ్బమ్మ.

గురుక్కల్ గడ్డం గోక్కున్నాడు. ముప్పై ఏళ్ళుగా ఊరందరి తీట్లూ లెక్కకట్టినవాడు, లెక్క ఎదురొస్తే వదల్లేడు. "శవం ఉన్నట్టే. మీకు వదినంటే ఆయనకు అక్క. పెండ్లయిందా?"

"పిల్లోళ్ళు ఉండారు సామీ."

"పెండ్లయిన అక్కకైతే మూడు దినాలు తీట్టు. రేపు కాప్పు ఇంకొకరికి కట్టాల."

గుంపు వెనక ఆదికేశవులు అప్పటికే చొక్కా చెయ్యి పైకి మడుస్తున్నాడు.

ద్వారకనాథ్ ముఖం కందగడ్డయింది. సుబ్బమ్మ బిందెతో నీళ్ళు, పసుపు తెచ్చింది.

"సాగనంపే ముందర తలకు పొయ్యాల. నువ్వే పట్టుకో."

అందరూ చూస్తున్నారని విసుక్కుంటూనే ఒక దంతం ఎత్తాడు. లావు వైపు లోపలంతా బోలు. పట్టు కోసం లోపలికి పెట్టిన చెయ్యి మణికట్టు దాకా దిగిపోయింది. అంచున గొడ్డలి గాట్లు ఉన్నాయి, ఎండిన చర్మం ముక్క ఒకటి అంటుకుని ఉంది. సుబ్బమ్మ నీళ్ళు పోస్తుంటే అది మెత్తబడి అతని వేలికి తగిలింది. అతను చెయ్యి తియ్యలేదు.

"రాలింది కాదే ఇది" అన్నాడు మెల్లగా.

"కాదు."

ఇంతలో, ఆ పక్కనే గస్తీ తిరుగుతున్న ఫారెస్టు జీపు వచ్చి ఆగింది. ఆ గుంపులో ఎవరో తిరుత్తణి ఫారెస్టు ఆఫీసుకు ఫోన్ కొట్టారు. ఎవరో అందరికీ తెలుసు, ఎవరూ ఆదికేశవులు వైపు చూడలేదు. ఆఫీసరు నేరుగా వచ్చి, నీళ్ళు కారుతున్న దంతాన్ని, పట్టుకున్న మనిషిని చూశాడు.

"ఎవరిదిది?"

నాకు తెలీదు, ఎవడో పారేసి పోయాడు అంటే చాలు, వాకిట్లో ఉన్నవాళ్ళంతా సాక్ష్యం చెబుతారు. ఆ ఒక్క అబద్ధం చెప్పమని సుబ్బమ్మ కూడా మనసులో సుబ్రహ్మణ్యస్వామికి మొక్కుకుంది. తను కోరింది దంతాలు వాహనమెక్కకూడదనే, మొగుడు జీపెక్కాలని కాదు.

ద్వారకనాథ్ దంతాన్ని కింద పెట్టలేదు. పసిబిడ్డ తలకు నీళ్ళు పోసేటప్పుడు పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకునే ఉన్నాడు.

"మా అక్కది సార్" అన్నాడు. "తెచ్చినోని పేరు చెప్తా. తెమ్మనింది నేనే. రెండూ రాసుకోండి."