డాలర్లు ఆగిపోయిన ఏడాది

కోదండం పోచంపల్లి నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం పెట్టుకున్నాడు. కొలంబోలో సెల్వి అనే వ్యాపారి ఏటా అతని దగ్గర ఇక్కత్ చీరలు కొనేది. ఆమెతో ఇంగ్లీషులో మాట్లాడేది అతని కూతురు ప్రసన్న.

2022లో శ్రీలంకలో డాలర్లు అడుగంటాయి. సెల్వి సరుకు డబ్బును తమ రూపాయల్లో అక్కడి బ్యాంకులో కట్టేసింది. మందులకూ పెట్రోలుకూ డాలర్లు లేవు, చీరలకెక్కడివని బ్యాంకు పంపడం ఆపేసింది. ఇక్కడేమో మగ్గాల వాళ్లు కూలి కోసం ఫోన్ల మీద ఫోన్లు.

కోదండం కూతురిని వెంటబెట్టుకుని ఎల్బీనగర్ కోర్టు దగ్గరున్న రామారావు అనే వకీలును కలిశాడు. ఆయనది గుంటూరు వైపు.

"ఒక దేశం గట్ల మన పైసలు ఆపుకోవచ్చా సార్?"

"కష్టకాలంలో ఆపొచ్చండి, చట్టం ఒప్పుకుంటుంది. మింగెయ్యడానికి మాత్రం వీల్లేదు. అయితే ఎన్నాళ్లు ఆపొచ్చో గట్టిగా చెప్పేవాళ్లు లేరు." వకీలు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "ఆ ప్రభుత్వాన్ని మనమేం చెయ్యలేం. కానీ డాలర్లలో ఇస్తానని ఆమె సంతకం పెట్టింది కదా. నోటీసు ఆమెకిద్దాం."

"ఆమె తప్పేముంది నాయినా?" అంది ప్రసన్న.

"మగ్గాలోళ్ల తప్పేముంది బిడ్డా?" అంటూ కోదండం సంతకం పెట్టాడు.

నోటీసు అందాక సెల్వి ఫోన్ ఎత్తలేదు. కొన్ని వారాలకు ఆమె భర్త చేశాడు. కోర్టుకీడుస్తారన్న భయంతో ఆమె నగలమ్మి, దొంగచాటుగా డాలర్లు కొనబోయి పోలీసులకు దొరికిందట. ఆ మాటలు ప్రసన్న తండ్రికి తెలుగులో చెప్పింది.

కోదండం అప్పటికప్పుడు వకీలు దగ్గరికి వెళ్లాడు. "నోటీసు వాపస్ తీస్కోండి సార్."

"తీసుకుంటానండి. కానీ అక్కడి కేసు దాంతో పోదు."

కోదండం దుకాణం అమ్మి మగ్గాల వాళ్లకు కూలి ఇచ్చేశాడు. కొత్తపేటలో ఒక షోరూమ్‌లో సేల్స్‌మన్‌గా చేరాడు.

మరుసటేడు ఆంక్షలు సడలాక డబ్బు వచ్చింది. వాళ్ల రూపాయి పడిపోగా తగ్గిన భాగాన్ని సెల్వి తానే పూడ్చింది. బెయిలు మీద బయటికొచ్చిన ఆమె ఆ సాయంత్రం ఫోన్ చేసింది.

"పైసలు ముట్టినయా అని అడుగుతుంది నాయినా."

"ముట్టినయని చెప్పు."

"ఇంకేమన్న చెప్పాల్నా?"

కోదండం ఫోన్ తన చేతిలోకి తీసుకున్నాడు. అవతల సెల్వి హలో, హలో అంటోంది. కాసేపటికి ఆమే పెట్టేసింది.